పెత్రమాసకు నాలో పోసింది

నేను ఒక గాజు గ్లాసును. అడుగు మందం, మూతి వెడల్పు, పక్కన అచ్చు కలిసిన చోట సన్నటి గీత. నన్ను ఎవరూ ముచ్చటపడి ఊదలేదు. కరిగిన గాజును అచ్చులో పోసి ఒత్తితే ఊడిపడ్డాను. గడ్డి పరిచిన అట్టపెట్టెలో ఆరుగురం లారీ ఎక్కి జమ్మికుంట బజారులో దిగాం. ఓదెలు అనే రైతు ఆ ఏడు మక్కలు, అదే మొక్కజొన్న, బాగా పండిన సంతోషంలో మమ్మల్ని ఇంటికి తెచ్చాడు. నా తోబుట్టువులు గచ్చు మీద ఒకటి, చుట్టాల చేతిలో ఒకటి, అట్లా అందరూ పోయారు. నేను మిగిలాను. గట్టిదాన్నని కాదు, ఓదెలు నన్ను ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

నాకు కుళ్ళుబుద్ధి ఎక్కువ. మనుషులకూ ఉంటుంది గానీ వాళ్ళు దాచుకుంటారు. గాజు దాచుకోలేదు, ఇటు నుంచి చూస్తే అటు కనబడుతుంది.

ఆదివారం కూర ఉడికే వేళకు ఓదెలు అరుగు మీద కూర్చుని నన్ను చేతిలోకి తీసుకునేవాడు. పొలం మోటార్లు, స్టార్టర్లు పట్టి పట్టి కాయలు కాచిన చేయి. ఆ చేయి నాది అనుకున్నాను. తర్వాత ఆయన గుండెకు ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఇంట్లో పెత్తనం కొడుకు సమ్మయ్యది. సమ్మయ్య మోటార్లు బాగుచేసే మెకానిక్. మందు ముట్టడు. డాక్టరు కొంచెం పరవాలేదన్నాడని, దగ్గుమందు సీసా మూతతో కొలిచి నాలో పోసేవాడు. మిగతాదంతా నీళ్ళే.

"ఇది మందార? మబ్బుల నీళ్ళు పట్టి తెచ్చినవా?" అనేవాడు ఓదెలు. "నీ చేతికి జర్ర సుత జాలి లేదుర."

సమ్మయ్య మూత కడిగి బోర్లించేవాడు. మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే మూత, అవే తిట్లు. నీళ్ళు పోసినా పరవాలేదు, నేనైతే ఆయన చేతిలోనే ఉన్నాను కదా అని సరిపెట్టుకునేదాన్ని.

అట్లా ఉండగా ఓదెలు కండ్ల పరీక్ష అని నెలనెలా హన్మకొండ పోవడం మొదలుపెట్టాడు. అక్కడ పెద్దబిడ్డ రజిత ఇల్లు ఉంది. అల్లుడు మహేందర్ ఒక హోటల్ బార్‌కు మేనేజరు. దేశదేశాల విస్కీలు రుచి చూసి, ఏది తెప్పించాలో ఎంచడం అతని పని. తిరిగొచ్చినప్పుడల్లా ఓదెలు మొహం వెలిగిపోతూ ఉండేది.

"అల్లుడు చుక్కనే పోస్తడు. గుటుక్కున మింగొద్దట, ముక్కుతోని తాగాల్నట. బర్బన్ అని ఒకటున్నది, మక్కలతోని చేస్తరట. ఇన్నేండ్లు మక్కలు పండిస్తి, అండ్ల గంత తీపి దాగున్నదని నాకు తెల్వకపాయె." అంతటితో ఆగినా బాగుండేది. "గ్లాసు సుత ముద్దుగున్నది, తామర మొగ్గ తీర్గ. సన్నగ కాడ. పట్టుకుంటె ఇరుగుతదేమొ అన్నట్టున్నది."

ఆ మాట విన్న రోజు నాలో పోసిన నీళ్ళు వేడెక్కాయంటే నమ్మండి. నాకు నడుము లేదు, కాడ లేదు, ఉన్నదంతా అడుగే. ఆ మొగ్గను నేను చూడనైనా లేదు, అయినా అది పగిలిపోవాలని రోజూ కోరుకున్నాను. ఇంట్లో ఇంకొకరికీ కాలుతూ ఉండేది. బావ పేరు వినబడితే చాలు, సమ్మయ్య చేతిలోని పానా బోల్టును అవసరానికి మించి బిగించేది.

ఓ వానాకాలం పొద్దున ఓదెలు నిద్రలోనే పోయాడు. నెల తిరిగిందో లేదో పెత్రమాస వచ్చింది. పెద్దల అమావాస్య. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఫోటో ముందు ఆకులో పెట్టి, మందు పోసి, కాసేపు తలుపు దగ్గరికి వేస్తారు. వాళ్ళు వచ్చి తిని పోతారని నమ్మకం.

"మొదటి పెత్రమాస కొడుకా," అంది కనకవ్వ, ఓదెలు భార్య. "మీ బాపుకు మనసైంది పెట్టకుంటె అలిగి మర్లిపోతడు. మళ్ళ ఈ గడప తొక్కడు."

సమ్మయ్యకు ఆ మాటతో చిక్కొచ్చిపడింది. కోడి ఏదో, కూర ఏదో అందరికీ తెలుసు. మందు ఏది? తను పోసినదాన్ని బాపు బతికినన్నాళ్ళూ తిట్టాడు, బావ పోసినదాన్ని మెచ్చాడు. మనసైనది ఏదని అడగాలంటే బావనే అడగాలి. రెండు రోజులు ఫోను తీసి పెట్టి, పెట్టి తీసి, చివరికి చేశాడు.

అమావాస్య పొద్దున్నే మహేందర్ సీసాల సంచీతో దిగాడు. తువ్వాలలో చుట్టి తెచ్చినదాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు. ఆ మొగ్గ. ఓదెలు చెప్పిన దానికన్నా అందంగా ఉంది, పాడుగాను. సమ్మయ్య భార్య మమత పాకే పాపను గబుక్కున చంకనేసుకుని, "అన్నా, అది జర్ర నడుమకు జరుపు, దీని చెయ్యి అందుతది" అంది. నన్ను మాత్రం బల్ల అంచునే వదిలేశారు.

"కూసో బామ్మర్ది. మీ బాపుకు పోసినవన్ని తెచ్చిన. నువ్వే చూసి చెప్పు."

"నేను తాగను గద బావా."

"తాగమన్ననా? ముక్కు పెట్టు, నోరు జర్ర తెరిచి పీల్చు. తర్వాత నాలిక తడుపు, అంతే. మమతమ్మ ఏమనదు."

మొదటిది పొగ పెట్టిన స్కాచ్. సమ్మయ్య తల వెనక్కి గుంజుకున్నాడు. "మోటరు కాలిన వాసన బావా. వైండింగు పోతె ఇట్లనే వస్తది."

"దీని కోసం మా బార్‌ల కొట్టుకుంటర్ర అయ్య," అని మహేందర్ నవ్వాడు. రెండోది ఐరిష్‌ది. బియ్యం కడిగిన నీళ్ళలా మెత్తగా ఉందన్నాడు సమ్మయ్య. మూడోది బర్బన్. అతను వెంటనే ఏమీ అనలేదు. మళ్ళీ ముక్కు పెట్టాడు. నాలుక తడిపి కండ్లు మూసుకున్నాడు.

"బెల్లం పాకం పొయ్యి మీదున్నట్టున్నది. ఎనుక కట్టె వాసన."

"కొత్త కట్టె పీపను లోపల కాల్చి, అండ్ల ఏండ్లకేండ్లు పెడతరు. ఆ కాలిన కట్టెనే బెల్లమైతది."

"బాపు దీన్నే మెచ్చిండా?"

"మెచ్చిండు."

సమ్మయ్య మొగ్గను బల్ల మీద పెట్టేశాడు. నాకూ అక్కడే పగిలిపోవాలనిపించింది.

"మరి కాలిన మోటరుది?"

"అది సుత మెచ్చిండు."

"బాగలేదన్నది ఏది?"

మహేందర్ సీసా మూత బిగించాడు. "ఏది అనలె. ఒకసారి కావాల్నని, గాలివోయిన పాత బీరు పోసిచ్చిన. అది సుత మస్తున్నది అల్లుడా అన్నడు."

"బీరా?"

"అల్లుని ఇంట్ల మామ వంక పెడతడా? నేను చుట్టాన్ని బామ్మర్ది. ఎన్ని సీసలు మార్చిన, ఒక్కపారన్న ఇదేం మందుర అంటడేమొనని చూసిన. ఇక్కడ నిన్ను వారం వారం తిట్టెటోడని రజిత నవ్వుకుంట చెప్పేది. నాకు నవ్వు రాకపోయేది."

సమ్మయ్య బర్బన్ సీసాను తన వైపు జరుపుకున్నాడు. నేను మాత్రం మొగ్గ వంక చూశాను. మర్యాదకు మెచ్చుకున్నాడా నిన్ను? ఆ క్షణంలో అది చిన్నగా, ఊరుకాని ఊరికి వచ్చినదానిలా కనిపించింది. నా సంతోషం మీకు చెప్పినా తప్పే.

"మక్కలదే పోద్దాం," అన్నాడు సమ్మయ్య. "ఆయన మెచ్చిండని కాదు. నా నాలికకు మంచిగనిపించింది. కొడుకు ఎంచింది తాగనియ్యి."

మహేందర్ మొగ్గను అందించబోతే కనకవ్వ చూపుతోనే ఆపింది. నన్ను కడిగి ఫోటో ముందు పెట్టారు. సమ్మయ్య చేయి ఆపకుండా పోశాడు. బర్బన్ నా గీత మీదుగా పైకి ఎక్కింది. ఓదెలు ఉన్నప్పుడు ఇంత నిండుగా నేనెప్పుడూ లేను.

తలుపు వేశారు. ఓదెలు వచ్చాడా అని మీరు అడుగుతారు. అది మా ఇద్దరి మధ్య విషయం.

తలుపు తీశాక, పెద్దలకు పెట్టింది ముందు కొడుకు అందుకోవాలి. సమ్మయ్య నన్ను ఎత్తి తాగాడు. అందరూ చూస్తున్నారు. మూతి తుడుచుకుని బావ వైపు తిరిగాడు.

"ఏం బావా, హన్మకొండ నుంచి మోసుకొచ్చి ఇదా పోసేది? నోట్లె పెట్టేటట్టు లేదు. వచ్చే పెత్రమాసకన్న మంచిది పట్కరా."

ఇంటల్లుణ్ణి అంత మాట అన్నందుకు మమత కండ్లతోనే మొగుణ్ణి గిల్లింది. మహేందర్ గోడ వైపు తిరిగి జేబురుమాలు తీశాడు. మొహం తుడుచుకుని, "తెస్త బామ్మర్ది" అన్నాడు.

నా అడుగున ఒక్క చుక్క మిగల్లేదు. నోట పెట్టలేని మందును ఎవరూ అట్లా తాగరు.

ఇప్పుడు నేను వంటింటి పై అరలో ఉంటున్నాను, పాప లేచి నిలబడుతోంది కాబట్టి. నా పక్కనే ఆ మొగ్గ ఉంది. మహేందర్ మరిచిపోయి వెళ్ళాడు, కావాలనే అనుకుంటాను. దుమ్ము దులపడానికి మమత దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి దించుతుంది. నన్ను ఒంటిచేత్తో లాగి, ఏదో పాట కూనిరాగం తీస్తూ సింకులో పడేస్తుంది. చూశారా, ఇంత జరిగాక కూడా దానికే గౌరవం.