తల్లి గుర్తుపట్టిన గొంతు

కోదాడ కాలేజీలో ఎంసీఏలో చేరిన మొదటి నెలలోనే మౌనిక క్లాసులో నోరు తెరవడం మానేసింది. సెమినార్ రోజు డేటాబేసుల గురించి చెప్పడానికి లేచి నిలబడింది. పాఠమంతా కంఠతా వచ్చు. కానీ ఆమె తెలుగులో లంబాడీ పలుకు కలుస్తుంది. మాట చివర సాగి, కొంచెం పైకి లేస్తుంది. రెండో వాక్యం పూర్తికాకముందే వెనక బెంచీలో ఎవరో ఆ సాగదీతను అచ్చంగా దించారు. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వు దాచుకోవడానికి బోర్డు వైపు తిరిగాడు. మౌనిక మిగతాది చెప్పకుండానే కూర్చుంది.

ఆమెది పాలకీడు పక్కన ఒక తండా. తండ్రి పోయాక తల్లి రుక్మాబాయి కూలి చేసి చదివించింది. కోదాడలో బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని కవితతో కలిసి ఉండేది. కవితది సూర్యాపేట. వాళ్ల నాన్న టీచరు. ఇద్దరూ ఒకే కుక్కర్లో వండుకునేవాళ్లు, ఒకే దుప్పటి కింద సినిమాలు చూసేవాళ్లు. మౌనిక ఫోన్ పాతది, పొద్దు వాలేసరికి బ్యాటరీ ఖతం. అప్పుడు కవిత ఫోన్‌తో తల్లికి చేసేది. రుక్మాబాయికి అక్షరాలు రావు గానీ ఆ నంబరు చివరి అంకెలు చూస్తే చాలు, ఎత్తగానే "చెప్పు బిడ్డా" అనేది.

క్లాసులో తెలివిగలవాడు జీవన్. వాళ్లదీ తండానే, తాత కాలం దాకా. తండ్రి మిర్యాలగూడలో ఆఫీసరు. చేరిన కొత్తలో మౌనిక సంతోషంగా లంబాడీలో పలకరిస్తే అతను ఆమెను మెట్ల పక్కకు పిలిచాడు.

"కాలేజీల నాతోని మన మాట మాట్లాడకు. నాది తండా అని గీడ ఎవ్వలకు తెల్వది."

ఆమె మళ్లీ మాట్లాడలేదు.

రెండో ఏడు ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఇద్దరిద్దరు కలిసి చేయాలి. కవిత జీవన్‌తో జత కట్టింది. మౌనికను ఎవరూ అడగలేదు. లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రామ్ ఒకటి ఒంటరిగా రాసుకుంటోంది. అలాంటప్పుడు ఒకరోజు జీవన్ క్యాంటీన్లో ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నీ గొంతు కావాలె మౌనికా."

ఆమె ఎగతాళి అనుకుని లేవబోయింది.

"నిజంగనే. రాసింది చదివి వినిపించే మిషన్ చేస్తున్నం. అందరివీ టీవీల వచ్చే గొంతులే. మనోళ్ల గొంతుతోని ఒక్కటి లేదు. రేపు మీ అమ్మ ఫోన్ల మిరపకాయ ధర అడిగితే, నీ గొంతు జవాబు చెప్తది. మన భాషల గూడ."

ఆ చివరి మాట అతను లంబాడీలో అన్నాడు. చేరినప్పటి నుంచి మొదటిసారి. మౌనిక కళ్లు మెరిశాయి.

ఆ తర్వాత రోజూ క్లాసులు అయ్యాక గదిలో ఫ్యాన్ ఆపేసి, కిటికీకి బొంత కట్టి, కవిత ల్యాప్‌టాప్ ముందు మౌనిక చదివేది. వానల గురించి, పురుగు మందుల గురించి, బస్సు టైముల గురించి. చెమటకు జాకెట్టు తడిసిపోయేది. లంబాడీ వాక్యాలు జీవన్ తెలుగు అక్షరాల్లో రాసి పంపేవాడు. యాడీ తిన్నవా, యాడీ పైలం, యాడీ నేను వస్తున్న. తల్లిని వాళ్లు యాడీ అంటారు. ఆ మాట దగ్గర మౌనిక గొంతు తనకు తెలియకుండానే మెత్తబడేది.

"గదే గావాలె, గట్లనే చదువు," అనేది కవిత.

"నా పేరు గూడ పెడతరా ప్రాజెక్టుల?" అని ఒకసారి అడిగింది మౌనిక.

"చివర్ల థాంక్స్ చెప్తం గదనే," అంది కవిత నవ్వుతూ. మౌనికకు అది కూడా ఎక్కువే అనిపించింది.

వేసవికి మిషన్ తయారైంది. ఏది టైపు చేస్తే అది మౌనిక గొంతుతో పలుకుతోంది. ముందు ల్యాబ్‌లో కుర్రాళ్లు దానితో బూతులు పలికించి ఆడుకున్నారు. మౌనిక తలుపు దాకా వచ్చి, లోపలి నుంచి తన గొంతు, దాని వెనకే నవ్వు విని తిరిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి కవితను అడిగితే, "పోరగాండ్లు గట్లనే ఉంటరు, పట్టించుకోకు" అని అటు తిరిగి పడుకుంది.

వైవా దగ్గరికొచ్చింది. హెచ్‌ఓడీ సారు రిపోర్టు తిరగేసి ఒక మెలిక పెట్టాడు. "బాగానే ఉందయ్యా. కానీ మనిషి గొంతుకీ దీనికీ తేడా తెలియదని ఎలా నిరూపిస్తారు? బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ మొదట అదే అడుగుతాడు."

ఆయన వెళ్లిపోయాక ల్యాబ్‌లో జీవన్ కుర్చీ వెనక్కి వాల్చి కాసేపు ఆలోచించాడు. తర్వాత కవిత ఫోన్ వైపు చూశాడు.

"మౌనిక వాళ్లమ్మకు చేద్దాం."

"వద్దురా, పాపం," అంది కవిత.

"తిన్నవా అని అడిగి పెట్టేద్దాం. కన్నతల్లే గుర్తుపట్టకపోతే ఇగ దాన్ని మించిన రుజువేముంటది?"

మౌనిక ఆరోజు సూర్యాపేటలో ఉంది. ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగాల కోసం పరీక్ష పెడుతుంటే పొద్దున్నే బస్సెక్కి వెళ్లింది. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు ఆపి తీసి పెట్టుకున్నారు.

కవిత నంబరు కలిపింది. క్లాసులో సగం మంది మూగారు. స్పీకర్లో రుక్మాబాయి గొంతు పలికింది. మిరప తోటలో ఏరుతున్నట్టుంది, వెనక ఆడవాళ్ల మాటలు.

"చెప్పు బిడ్డా."

జీవన్ టైపు చేశాడు. ల్యాప్‌టాప్ లంబాడీలో పలికింది. "యాడీ, తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా? గొంతేంది గట్ల ఎండిపోయింది? నీళ్లు తాగుతలేవా?"

ఎవరో నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. మాటలు అర్థంకాని వాళ్లకు జీవన్, ప్రాజెక్టు కోసం నేర్చుకున్నట్టుగా, గుసగుసగా తెలుగులో చెబుతున్నాడు. టైపు చేయడానికి పట్టే వ్యవధిని రుక్మాబాయే నింపుతోంది. మేక ఈనిందట. మోకాలు నొప్పి తగ్గిందట. ఉద్యోగం వస్తే కోదాడలో ఒక పెద్ద గది చూడమంది, తానూ వచ్చి వండిపెడతానంది.

"బాబోయ్, అస్సలు అనుమానమే రాలేదు," అన్నారెవరో.

"తిన్నవా అంటే ఎవ్వరైనా నమ్ముతరు. జర కష్టమైంది అడుగు," అన్నాడు ఇంకొకడు.

జీవన్ వేళ్లు కాసేపు ఆగాయి. చుట్టూ అందరూ చూస్తున్నారు. టైపు చేశాడు.

"యాడీ, నాకు మంచిగ లేదు. దవాఖానల ఉన్న."

అవతలి నుంచి కేక. "ఏమైంది? ఏ దవాఖాన? బిడ్డా!" బుట్ట ఒలికిన చప్పుడు, పరుగు, ఆయాసం. ల్యాబ్‌లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్లు నవ్వలేదు. జీవన్ ఫోన్ కట్ చేసి, "సక్సెస్" అన్నాడు.

వెంటనే ఫోన్ మోగింది. రుక్మాబాయి. కవిత ఎత్తబోతే జీవన్ చేయి అడ్డం పెట్టాడు. "ఇప్పుడెత్తి ఏం చెప్తవ్? మౌనిక వచ్చినంక తనే మాట్లాడుకుంటది." ఫోన్ ఆగి మళ్లీ మోగింది. కవిత దాన్ని సైలెంట్‌లో పెట్టి బోర్లించింది. బల్ల మీద అది చాలాసేపు వణుకుతూనే ఉంది.

బిడ్డ ఫోన్ కలవక, ఆ రెండో నంబరు ఎత్తక, రుక్మాబాయి తండాలో హన్మా అనే అతని బండెక్కి కోదాడకు బయలుదేరింది. వెనక కూర్చుని ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. నేరేడుచర్ల దాటాక స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరింది. ఆమె రోడ్డు మీద పడింది. తుంటి విరిగింది. హన్మా ఆమెను ఆటోలో మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాడు.

మౌనిక సూర్యాపేటలో ఫోన్ తిరిగి తీసుకుని ఆన్ చేసేసరికి హన్మా నంబరు మోగుతోంది. ఆమె మిర్యాలగూడ చేరేసరికి సాయంత్రమైంది. వార్డులో మంచం మీద తల్లి, కాలికి కట్టు, బరువు వేలాడుతోంది. మౌనిక పరుగున వెళ్లి చేయి పట్టుకుంది. రుక్మాబాయి ఆమెను తల నుంచి కాలి దాకా చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. పరీక్ష కోసం వేసుకున్న కొత్త డ్రెస్సు, నుదుట బొట్టు.

"దవాఖానల ఉన్ననంటివి గదా?"

"నేనెప్పుడన్న యాడీ?"

రుక్మాబాయి చేయి వెనక్కి తీసుకుంది.

ఏం జరిగిందో ఆ రాత్రే మౌనికకు తెలిసింది. ఆ ల్యాబ్‌లో నవ్వనివాళ్లలో ఒకడు, తన పేరు ఎక్కడా చెప్పొద్దంటూ మెసేజ్ పెట్టాడు. తల్లికి చెప్పింది. కంప్యూటర్ మాట్లాడిందని, తన గొంతును దాంట్లో పెట్టారని, ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పింది. రుక్మాబాయి గోడ వైపు చూస్తూ విన్నది.

"నా బిడ్డ గొంతు నాకు తెల్వదా? నన్ను యాడీ అన్నవ్. తిన్నవా అన్నవ్. మిషన్ అడుగుతదా, తిన్నవా అని? చేసింది చేసినవ్, మళ్లీ అబద్ధం గూడనా?"

మర్నాడు మౌనిక కోదాడ వెళ్లింది. హెచ్‌ఓడీ సారు తలుపు వేసి కూర్చోబెట్టాడు. "చూడమ్మా, పిల్లలు తప్పు చేశారు, కాదనను. కానీ ఫోన్ వాళ్లు చేశారు, బండి ఎవరో నడిపారు. కేసంటే ముందు కవిత నంబరు బయటికొస్తుంది. నీ రూమ్మేటేగా? నీకూ వైవా ఉంది. ఆలోచించుకో."

ఆమెకు కేసు అక్కర్లేదు. జీవన్‌ను మెట్ల దగ్గర పట్టుకుంది. ఈసారి లంబాడీలోనే మాట్లాడింది, గట్టిగానే. "నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని దవాఖానకు రా. మా యాడి ముందు దాన్ని మాట్లాడించు. నేను నోరు మూసుకుని పక్కన నిలబడతా. ఒక్కసారి. ఇగ నిన్నేమీ అడగను."

అటువైపు పోతున్న కుర్రాళ్లు ఆగి చూశారు. జీవన్ ముఖం ఎర్రబడింది.

"తెలుగుల మాట్లాడు," అన్నాడు. "వైవా అయినంక సూద్దాం."

వైవా అయింది. ఎగ్జామినర్ మెచ్చుకున్నాడు. రిపోర్టులో కన్నతల్లి కూడా తేడా పోల్చుకోలేకపోయిందన్న వాక్యం దగ్గర ఆగి, "ఇంట్రెస్టింగ్" అని పెన్నుతో గీత గీశాడు. మౌనిక తన ప్రోగ్రామ్ గురించి చెప్పడానికి లోపలికి వెళ్లినప్పుడు ఆయన టీ తాగుతున్నాడు. సాయంత్రం ఆమె మళ్లీ అడిగితే జీవన్ చేతులు దులిపాడు.

"తీసేసిన. రికార్డింగులు, కాల్, అన్నీ డిలీట్. నీ మంచికే. ఇగ ఎవ్వడూ నీ గొంతుతోని ఆడుకోడు."

"మా యాడి నమ్ముతలేదు జీవన్."

"దానికి నేనేం చేయాలె?"

ఇక మిగిలింది కవిత. మౌనిక ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నంత పని చేసింది. నీ ఫోనే కదా, నువ్వు చెబితే నమ్ముతుందని బతిమాలింది. కవిత ఏడ్చింది, తప్పయిందంది, తప్పకుండా చెబుతానంది. రెండు రోజుల తర్వాత బత్తాయిలు పట్టుకుని మిర్యాలగూడ వచ్చింది.

రుక్మాబాయి ఆమెను చూడగానే తలెత్తింది. తెలుగులో అడిగింది. "ఆ సూర్యాపేట సారు బిడ్డవు గదా నువ్వు, కవితవు. నువ్వు అబద్ధమాడవు. ఆ దినం నీ ఫోన్ల మాట్లాడింది మా మౌనికనేనా, కాదా?"

కవిత నోరు తెరిచింది. మంచం పక్కన హన్మా నిలబడి ఉన్నాడు. బండి రిపేరుకు, ఆపరేషన్‌కు ఎవరు బాధ్యులో తేలాలని పొద్దుట్నించీ అంటున్నాడు. పక్క మంచం దగ్గర ఒక కానిస్టేబుల్ వేరే ప్రమాదం గురించి ఏదో రాసుకుంటున్నాడు. కవిత అటు చూసింది. కాల్ చేసింది నీ నంబరు, ఇరికేది నువ్వేనని, ఆమె బస్సెక్కేముందు కూడా జీవన్ అన్నాడు.

"కవితా, చెప్పవే," అంది మౌనిక.

"మౌనికనే అమ్మా," అంది కవిత, బత్తాయిల సంచి ముడి విప్పుతూ. "నేను ఫోన్ ఇచ్చిన, గంతే. ఏం మాట్లాడిందో నాకు తెల్వది."

సంచి అక్కడే పెట్టి, బస్సు టైమైందని వెళ్లిపోయింది. మౌనిక వెంట వెళ్లలేదు. మెట్ల మీద కవిత చెప్పుల చప్పుడు వినబడినంతసేపు కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది.

ఆరోజు రుక్మాబాయి అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. బిడ్డ లేపి కూర్చోబెట్టబోతే విదిలించింది. ఒంటికి పోవాల్సి వస్తే పక్క మంచం మనిషికి తోడొచ్చిన బుచ్చమ్మను పిలిచేది. ఎవరో పరాయి ముసలామె బేసిన్ పెడుతుంటే మౌనిక తడిగుడ్డ పట్టుకుని దూరంగా నిలబడేది. నర్సు వచ్చి మందులు పడవని, ఇలా అయితే కష్టమని కసిరింది.

మూడో రోజు మౌనిక కంచంలో అన్నం కలిపి మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

"నేనే చేసిన యాడీ," అంది.

రుక్మాబాయి తల తిప్పింది.

"నేనే ఫోన్ చేసిన. దవాఖాన అని నేనే అన్న. మిషన్ లేదు ఏం లేదు. తప్పయింది."

రుక్మాబాయి చాచి చెంప మీద కొట్టింది. పడుకుని కొట్టిన దెబ్బ, అయినా వార్డంతా తిరిగి చూసింది. మళ్లీ కొట్టింది. తర్వాత ఏడుస్తూ, నోరు తెరిచింది. మౌనిక ముద్ద పెట్టింది. రుక్మాబాయి నమిలి మింగి అడిగింది.

"ఎందుకు బిడ్డా? ఎందుకు గట్ల చేసినవ్?"

మౌనిక దగ్గర కారణమేదీ లేదు. కంచంలోకి చూస్తూ వెతుక్కుంది.

"నిన్ను సూడబుద్ధయింది యాడీ. పిలిస్తే పని పోతదని రావనుకున్న."

"పిచ్చిదానా," అంది రుక్మాబాయి. ఎన్నో రోజుల తర్వాత బిడ్డ తల మీద చేయి పెట్టింది. "ఒక్క మాట రమ్మంటే రాకపోదునా?"

మౌనిక ఇంకో ముద్ద కలిపింది.