మాసిన చొక్కా

ఫెలిస్మినకి మతి చెడిందని తోటి చాకలి జెనొవేవా అందట. మా పిన్ని వచ్చి చెప్పింది. జైల్లో పడ్డవాడి చొక్కాలకి గంజి పెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని.

ఆ మాట ఊరు చుట్టేసరికి ఫెలిస్మిన గాడిద మీద మూటలేసుకుని లిస్బన్ వెళ్ళడానికి మా ఊరు కనేసష్ పొలిమేర దాటేసింది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సోమవారం ఇంతే. బూడిదనీళ్ళకి వేళ్ళ కణుపులు పగిలి, గోళ్ళు పాలిపోయి ఉంటాయి. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి ఎర్రదారంతో గుర్తులు కుట్టుకుంటుంది: ఒకరికి చేప, ఒకరికి చుక్క, ఒకరికి నెలవంక. బెర్నార్దిను మాస్టారి చొక్కాలకి మాత్రం అక్షరం. ఆయన పేరులో మొదటిది. ఆయన వంటింట్లో ఆమె మాసిన బట్టలు వేరు చేస్తుంటే, యాభై రెండేళ్ళ చేతికి బలపమిచ్చి ఆయనే దిద్దించాడు.

ఫిబ్రవరిలో లిస్బన్ నగరం సైనిక ప్రభుత్వం మీద తిరగబడింది. మూడు రోజుల్లో అణిచేశారు. దొరికినవాళ్ళలో మాస్టారూ ఉన్నాడు. ఆయన్ని దూరదీవులకి పంపే ఓడెక్కించేలోగా ఉతికిన చొక్కాలు అందించాలి. ఆమెకి కావలసింది అంతే.

జైలు గేటు దగ్గర సెంట్రీ కాలరు తిరగేసి చూశాడు.

"ఇదేంటి ముసలీ, రహస్య కబురా?"

"ఆయన పేరులో అక్షరం బాబూ."

"నీకు చదువొచ్చా?"

"నా పేరు వరకూ వచ్చు. రాయమంటావా?"

సెంట్రీ నవ్వాపుకుని లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ముఖంలో నవ్వు లేదు.

"పొద్దుటే ఓడెక్కించేశారు. దీవులకట." చొక్కాలు తిరిగిచ్చి, పైన ఇంకోటి పెట్టాడు. "ఫెలిస్మిన వస్తుంది, ఉతకమని ఇవ్వండి అన్నాట్ట."

కాలరు నల్లగా ఉంది. మోచేతి దగ్గర సిరా మరక. ఆమె దాన్ని మూటలో వెయ్యలేదు. గుండెకి అదుముకుని నడిచింది. అంత కష్టంలోనూ తను వస్తుందని నమ్మాడు, పేరు పెట్టి చెప్పాడు. మిగతా గడపల్లో ఆమె పేరు 'చాకలామె'. ఇంటిదాకా దేవుడికి దణ్ణాలు పెడుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా ఊరి చాకిరేవులో ఆ ఒక్క చొక్కానే ఉతుకుతుంటే, పక్క బండ మీంచి జెనొవేవా అంది:

"ఎందుకే అంత రుద్దుడు? దీవులకి పోయినోళ్ళు తిరిగొస్తారుటే?"

మరక వదిలింది. ఫెలిస్మిన చొక్కా పిండి, దులిపి, చేతులు రెండూ చాపి గడ్డి మీద పరిచింది.

"ఉతకమని వేసినవాడు తీసుకోడానికి రాడుటే?"

గడ్డి మీద చొక్కా నీళ్ళోడుతోంది.