పెద్ద డ్రమ్ము వెనక పవాన్

చేతిలోని కర్రతో స్టాండు మీద టకటకా కొట్టి, "ఆపండి!" అని అరిచింది బ్యాండు కండక్టరు గోడెలీవ్. బ్యాండు ఆగలేదు. మరికాసేపటికి పెద్ద డ్రమ్ము ఆగింది కాబట్టి అదీ ఆగింది.

ఆదివారం ఊరి చౌకులో ఈ బ్యాండు వాయిస్తుంటే రైన్‌హిల్డ నాట్య బృందం పవాన్ ఆడాలి. జంటలు చేయీ చేయీ కలిపి హుందాగా నడిచే నాట్యమది. ఎప్పుడో ఐదొందల ఏళ్ల కిందట ఆంట్వెర్ప్ నగరంలో అచ్చయిన బాణీ. అప్పట్లో నలుగురు ఊదితే సరిపోయేది. ఇప్పుడు గోడెలీవ్ ఎదుట సాక్సఫోన్లు, క్లారినెట్లు, ట్యూబాలతో సగం ఊరు కూర్చుని ఉంది. కవాతు పాటలు కాకుండా వేరేవి వాయిద్దామని కమిటీతో పోట్లాడి ఒప్పించింది తనే. ఇది చెడితే ఇక ఈ జన్మకు కవాతు పాటలే.

"ట్యూబా! ఆ స్వరాన్ని అలా సాగదీస్తావేం? జీడిపాకమా అది? క్లారినెట్లూ, మిమ్మల్ని మధ్యలో బీరుకు వదలడం నాదే బుద్ధితక్కువ!"

"మేం ఒక కాలు గాల్లో పెట్టుకుని మీకోసం ఎదురు చూడాలా?" అంది రైన్‌హిల్డ నడుము మీద చేతులేసుకుని. "ఒకసారి పరుగు, ఒకసారి పాకుడు! ఇలాగైతే స్పీకరు తెచ్చుకుంటాం. మీరు ఇంట్లో పడుకోండి."

మళ్లీ మొదలుపెట్టించింది గోడెలీవ్. ఈసారి బాణీని వదిలేసి మనుషుల్ని చూసింది. ఒక్కడూ తనవైపు చూడటం లేదు. అందరి కాళ్లూ కుర్చీల కింద హిలేర్ డ్రమ్ముకే ఆడుతున్నాయి. ఊరేగింపుల్లో జెండాల అవతల ఎక్కడో ముందు నడిచే కండక్టరు వీళ్లకు కనిపించి చస్తేగా! డ్రమ్ము విని నడవడమే పుట్టినప్పటినుంచీ అలవాటు. ఇన్నేళ్లూ తను ఈగలు తోలిందన్నమాట.

"హిలేర్ బాబాయ్! నన్ను చూసి కొట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చూస్తూనే ఉన్నానమ్మాయ్. నువ్వే పరిగెడుతున్నావు. నాకేం బస్సు తప్పిపోవడం లేదు" అన్నాడు మాంసం కొట్టు హిలేర్. బ్యాండంతా గొల్లుమంది.

"ఇక చాలు!" రైన్‌హిల్డ విసుగ్గా వెళ్లి హిలేర్ భుజం తట్టింది. "ఆ డ్రమ్ము మెడకు తగిలించుకుని లే, పెద్దాయనా. మా ముందు నడువు."

హిలేర్ పొట్టా డ్రమ్మూ ముందు పెట్టుకుని ఊరేగింపు నడక నడిచాడు. వెనక జంటలు కదిలాయి. కుర్చీల్లోని బ్యాండు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్కటై పలికింది.

గోడెలీవ్‌కు ఒళ్లు మండిపోయింది. పంతానికి చెయ్యి గబగబా ఊపి చూసింది. ఎవరికీ పట్టలేదు. దించేసింది. అప్పుడూ ఎవరికీ పట్టలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

"ఊరికే నిలబడ్డావుగా, రా" అన్నాడు జంట దొరకని ముసలాయన ఒకడు, చెయ్యి చాపి.

పళ్లు కొరుక్కుంటూనే వెళ్లి వరుసలో కలిసింది. కాస్త దూరం నడిచేసరికి ఆమె కాళ్లకే అర్థమైంది. తను ఇన్నాళ్లూ అడిగిన వేగానికి ఏ మనిషీ పవాన్ ఆడలేడు. ఆ ముక్క చచ్చినా హిలేర్‌తో అనకూడదనుకుంది.