హన్నా లేవని రోజు

ఈ బెంచీకి వీపు ఆనించుకునే చెక్క ఇంత నిటారుగా పెట్టారేమిటి, ఎవరూ కునుకు తియ్యకుండానా, ఈ ఊళ్ళో ఎప్పుడో బతికిన హన్నా కూడా ఎనభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ప్రతి ఆదివారం ఇలాంటి చెక్కకే ఆనుకుని కూర్చుందా, పదకొండు మందిని కని నలుగురిని మట్టికిచ్చిన ఆ నడుము ఎలా ఓర్చుకుందో తల్లీ, నళిని నడుము ఇరవై నిమిషాలకే మొరాయిస్తోంది, పక్కన భర్త పద్మనాభం రెండుసార్లు వాచీ చూసుకున్నాడు, ఇంకా మొదలెట్టరేమిటే అని గొణిగాడు కూడా, మొదలైందండీ, ఇదే, క్వేకర్లని ఈ క్రైస్తవుల ప్రార్థనంటే ఇంతే, పూజారి ఉండడు, పాట ఉండదు, గంటసేపు నోరు మూసుకుని కూర్చుంటారు, ఎవరికైనా లోపలినుంచి మాట తోస్తే లేచి చెప్పి కూర్చుంటారు, హెర్న్‌డన్‌లో ఇంటి దగ్గర కారెక్కినప్పట్నుంచీ మూడుసార్లు చెప్పింది, విన్నట్టే తలూపాడు, ఆయన వినడం ఎప్పుడూ అంతే, ఇవాళ చివర్లో హన్నా జీవితంలోంచి ఓ పేజీ నళిని చదవాలి, అది మాత్రం గుర్తుంచుకుని నీలం ఫైలు తన ఒళ్ళో భద్రంగా పట్టుకున్నాడు, వెనక ఆఖరి బెంచీలో ఎవరు కూర్చున్నారో ఆయనకి తెలియదు, నళినికి తెలుసు, మెడ తిప్పకుండానే తెలుసు, ఆ గొంతు సవరించుకోవడం కూతురు కృతిది, ఆరేళ్ళ తరవాత విన్నా పోల్చుకోగల చప్పుడు అది.

వస్తుందనుకోలేదు, కృతి ఉండే ట్రాయ్ నుంచి తొమ్మిది గంటల డ్రైవ్, వస్తాం, వింటాం, వెళ్ళిపోతాం, పెద్ద సీన్ చెయ్యకమ్మా అని మెసేజ్ పెట్టింది, వస్తాం అంది, వస్తాను అనలేదు, అంటే మొగుడూ పాపా కూడా, ఆయనకి చెప్పాలా వద్దా, ముందు నుయ్యి వెనక గొయ్యి, చెప్తే కారెక్కడు, చెప్పకపోతే ఇదిగో ఇలా, రెండేళ్ళ తన్వి, ఫోటోల్లో తప్ప చూడని మనవరాలు, ఈ రాతిగోడకి అవతలే ఎక్కడో ఉంది.

హన్నాకీ మనవలు దూరంగానే పెరిగారు, ఏడాదిగా లైబ్రరీలో కూర్చుని హన్నా రాసుకున్న పుస్తకాన్ని నళినే కంప్యూటర్‌లోకి ఎక్కించింది, రిటైరైన పెథాలజిస్టుకి ఆ పని ఎందుకండీ అన్నారు అంతా, ముప్పై ఏళ్ళు స్లైడ్లు చదివిన కళ్ళు, తోటి డాక్టర్ల చేతిరాతలు చదివిన కళ్ళు, రెండు వందల ఏళ్ళనాటి ఈ కోడిగీతలు ఒక లెక్కా, ఆరేళ్ళ పిల్లప్పుడు పెన్సిల్వేనియా నుంచి ఇక్కడికి బండిలో వచ్చింది హన్నా, బండి వెనక ఆవు, అడవి కొట్టి, మొద్దులు పేర్చి ఇల్లు కట్టేదాకా రెండు నెలలు ఆ బండి కిందే పడక, తోడేళ్ళు కూస్తే వాళ్ళమ్మ చేతిలో గరిటె పట్టుకుని కూర్చునేదట, చదువుతూ నళిని ఒక్కతే పకపకా నవ్వింది, తను ఈ దేశం వచ్చినప్పుడు సూట్‌కేస్‌లో ఇనప పెనం తెచ్చుకున్న సంగతి గుర్తొచ్చి, అవిసె నార వడికిన దారం, మంచు రాత్రి ఈనిన గొర్రె, జ్వరంతో పోయిన బిడ్డని గుర్తు రాయి కూడా లేకుండా పూడ్చిన చోటు, ఎంత బతుకు, ఎంత చాకిరీ, నీలం ఫైల్లో ఉన్నది ఆ బండి పేజీయే, ఈ క్వేకర్ల సంఘానికి పెద్ద మార్తా ఏరి ఇచ్చింది, పిల్లలకి కూడా బావుంటుంది నళినీ అంది, మార్తాకి ఇంకో పేజీ సంగతి తెలియదు, అది నళిని హ్యాండ్‌బ్యాగ్‌లో నాలుగు మడతల్లో ఉంది.

ఆ పేజీ ఎందుకు టైపు చేసిందో, చేసి ఎందుకు దాచిందో, హన్నా కూతురు రేచల్ క్వేకర్ కాని కమ్మరిని పెళ్ళాడింది, వాళ్ళదీ అదే ఏసు, అదే బైబిలు, అయినా మనవాళ్ళు కాదు, ఆడవాళ్ళ సభలో రేచల్‌ని వెలేస్తున్నట్టు కాగితం చదివారు, అందరికీ సమ్మతమేనా అని అడిగారు, వీళ్ళలో ఓట్లుండవు, చేతులెత్తడం ఉండదు, ఒక్కరు లేచి కాదంటే పని ఆగిపోతుంది, ఎవరూ లేవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే, ఎవరూ లేవలేదు, ఎనభై ఒకటో ఏట హన్నా రాసుకుంది, అడిగినప్పుడు నేను లేవలేదు, అప్పటికి నా మోకాళ్ళు బాగానే ఉండేవి, అంతే, ఆ కింద పేజీ అంతా ఖాళీ, ఆ ఖాళీ ముందు నళిని లైబ్రరీ మూసే వేళదాకా కూర్చుంది.

మీ ఇంటిపేరేంటి బాబూ అన్నాడు ఆయన, ఆరేళ్ళ కిందట పెళ్ళి చేసుకుంటానని కృతి ఇంటికి తీసుకొచ్చిన రఘుని అడిగిన మొదటి మాట అదే, అమెరికాలో పుట్టినవాడు, పాపం, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు గబగబా చెప్పేశాడు, ఊరి పేరు కూడా చెప్పాడు, ఆయన మొహం మారింది, లేచి వంటింట్లోకి వచ్చాడు, వెనకే కృతి, నళిని అప్పుడు పులిహోర కలుపుతోంది, మణికట్టు దాకా పసుపు, తెలుగువాడే నాన్నా, యు షుడ్ బి హ్యాపీ, తెలుగువాడైతే సరా, మనవాళ్ళు కాదు, వాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు, వాడే కావాలంటే నువ్వూ తొక్కకు, కృతి తండ్రి వైపు చూడలేదు, అమ్మ వైపు చూసింది, ఎంతసేపు చూసిందో, ముందు గదిలో రఘుకి అన్నీ వినబడుతున్నాయి, విప్పి జంటగా పెట్టిన బూట్లు మళ్ళీ తొడుక్కుంటున్నాడు, లేసులు కట్టుకోవడానికి మెట్టు మీద కూర్చున్నాడు, తలుపులోంచి వాడి వీపు కనబడుతోంది, నళిని పులిహోర కలుపుతూనే ఉంది, పల్లీలు అడుగునుంచి పైకి, పైనుంచి అడుక్కి.

ఏం చెయ్యను, ఆయన సంగతి తెలిసిందేగా, మొండిఘటం, గుడి పార్కింగ్‌లో స్నేహితురాలు దేదీప్యతో అదే చెప్పుకుని ఏడ్చింది, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది, అందుకే ఊరుకున్నాను అంది, ఫోన్లో కృతితోనూ అదే, మీ నాన్న అలా అన్నాడని నేనెంత కుమిలిపోయానో తెలుసా, అవతలనుంచి కృతి, నాన్న అరిచాడు, ఓకే, ఆయన అంతే, బట్ నువ్వు స్టాప్ చెయ్యలేదమ్మా, కలుపుతూనే ఉన్నావ్, అని పెట్టేసింది, ఎంత మాట అంది కన్నతల్లిని అని వారం రోజులు అలిగింది నళిని, సిగ్గులేకపోతే సరి, అలిగింది తను.

మార్తా ఇటు చూసి తలూపింది, వేళయింది, ఆయన ఉత్సాహంగా నీలం ఫైలు అందిస్తున్నాడు, బండి, ఆవు, గరిటె, అందరూ నవ్వుతారు, కాఫీ తాగుతారు, కృతి మళ్ళీ తొమ్మిది గంటలు డ్రైవ్ చేసుకుంటూ పోతుంది, వంకర్లు తిరిగిన పాత గాజు కిటికీలోంచి బయట గడ్డిలో ఎవరో నడుస్తున్నారు, భుజం మీద పాప, రఘు, పిలవని గడప వాడు తొక్కడు, ఇది దేవుడి గడపైనా సరే, పాప వాడి చెవి పట్టుకుని లాగుతోంది, ఆయన కూడా అటే చూశాడు, గుర్తుపట్టాడు, నళినీ అన్నాడు, అది కోపమో భయమో, ఫైలు పట్టుకున్న చెయ్యి మీద నరాలు తేలి ఉన్నాయి, ముసలివాడైపోయాడు, ఆరేళ్ళుగా ఆ పాపమంతా ఈ ఒక్కడి నెత్తిన పెట్టి తను ఎంత నిశ్చింతగా ఏడ్చింది, మౌనం అర్ధాంగీకారం అంటారు, సగం ఎక్కడిది, ఆ రోజు వంటింట్లో కృతి అడిగింది తననే, నోటితో కాదు, చూపుతో, కాదనడానికి ఒక్క మాట చాలు, చెయ్యి ఆపినా చాలు, నళిని నీలం ఫైలు తీసుకోలేదు, హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఆ నాలుగు మడతల కాగితం తీసింది, ముందు బెంచీ పట్టుకుని లేచింది, మోకాళ్ళు కలుక్కుమన్నాయి, వెనక్కి తిరిగి ఆఖరి బెంచీ వైపు చూసింది, కృతీ అంది, గడప తొక్కొద్దన్నది మీ నాన్న, అవునన్నది నేను.