నీళ్లు తెర్లాలి

"రెండు మాటలేగా, పని మధ్యలో ఓసారి ఫ్రెంచిలో పెట్టెయ్యి," అని కాగితం నా బల్ల మీద పడేశాడు గార్నెట్. మా టౌనాఫీసులో ఆయన పెద్ద గుమస్తా. నేను పన్నులు కట్టించుకునే కిటికీ దగ్గర కూచుంటాను. అనువాదం నా ఉద్యోగంలో లేదు. కానీ న్యూ బ్రన్స్‌విక్ తీరంలో మాది రెండు భాషల ఊరు, ఆఫీసులో ఫ్రెంచి ఇంట్లో పుట్టింది నేనొక్కదాన్నే. పుట్టుకతో వచ్చినదాన్ని పని అనడమేమిటని వాళ్ల ఉద్దేశం. ఊపిరి పీల్చినందుకు ఎవరైనా మెచ్చుకుంటారా?

మంచు కరిగి, వాగునీరు ఊరి మంచినీళ్ల బావిలోకి దిగింది. మరిగించుకుని తాగమని ఇంటింటికీ కార్డు పంచాలి. ఇంగ్లీషులో 'రోలింగ్ బాయిల్' అని ఉంది, నిమిషం పాటు. కంప్యూటరు చేసిన ఫ్రెంచి దాని కిందే ఉంది: 'దొర్లుతూ మరిగించండి' అని. దొర్లాల్సింది నీళ్లో, వంటావిడో తెలీదు.

మా భాషలో మరగడం ఒకటి కాదు. ముందు నీళ్లు పాడతాయి. తర్వాత సన్నగా వణుకుతాయి. ఆ వణుకుని 'ఫ్రెమిర్' అంటాం, భయంతో ఒళ్లు జలదరించినా అదే మాట. తర్వాత సలసల. ఆఖర్న 'గ్రో బుయ్యోఁ', అంటే పెద్ద పెద్ద బుడగలతో తెర్లడం. క్రిములు చావాలని కార్డు అడిగేది ఈ ఆఖరిదాన్ని. అదే రాసి, రెండు వాక్యాల్లో విడమరిచి చూపించాను.

"అంత చోటు లేదు. 'మరిగించండి' అంటే చాలు," అన్నాడు గార్నెట్. "మరుగు మరుగే."

"మా ముసలాళ్లు అలా అనుకోరండీ," అని, ఆయన ముందే మా పిన్ని ఎగ్జెల్డాకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. "పిన్నీ, నీళ్లు మరిగించమంటే ఏం చేస్తావ్?"

"ఏం చేస్తాను, పాట ఎత్తుకోగానే దించుతాను. అంతకన్నా కాగితే టీకి రుచుంటుందా? ఇన్నేళ్లు కాపురం చేసి ఇప్పుడా అడగడం? ఆ ఇంగ్లీషోళ్లు నీకు పచ్చినీళ్లే పోస్తున్నారా ఏంటే?"

చివరి మాట మింగేసి మిగతాది ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను.

"ఆవిడొక్కత్తే కదా," అన్నాడు. "సిమ్మర్ డౌన్, అబెలీన్."

మంట తగ్గించుకో అని. ఈ మాట నాకు కొత్త కాదు, మా ఆయన క్లిఫర్డ్‌కి ఊతపదం. మా అమ్మ పోయినప్పుడు, ఆదివారం భోజనానికి వాళ్లమ్మ బల్ల దగ్గర కూచుని, అమ్మకి చివరి ప్రార్థన ఫ్రెంచిలోనే జరగాలన్నాను. అతను బల్ల కింద నా మోకాలు నొక్కి అదే అన్నాడు. మా అత్తగారు బంగాళదుంపల గిన్నె అందిస్తూ, "పాలగిన్నెని కట్టుకున్నావురా, కాస్త కన్ను తిప్పితే పొంగుతుంది," అని నవ్వింది. ప్రార్థన ఇంగ్లీషులోనే జరిగింది. ఆ 'సిమ్మర్ డౌన్'ని ఫ్రెంచిలో పెట్టాలని గిన్నెలు తోముతూ ఎన్నిసార్లో చూశాను, కుదరదు. మా వంటింట్లో మంట తగ్గించేది వండే మనిషి. నువ్వే తగ్గు అని గిన్నెకి చెప్పడం మాకు తెలీదు. తగ్గి తగ్గి నేను ఆ వణుకు దగ్గరే ఆగిపోయాను. మరిగి చల్లారిపోయానని అందరూ అనుకున్నారు గానీ, ఆ వెచ్చదనానికి లోపల ఏదీ చావలేదు. ఒక్కొక్క మాటా హాయిగా బతికే ఉంది.

ఆ మాట అనేసి గార్నెట్ బావి చూడ్డానికి వెళ్లాడు. పిన్నిలాంటి వాళ్లు తీరం పొడుగునా ఉన్నారు, పాట ఎత్తుకోగానే దించేవాళ్లు. కార్డు పైన సగం చోటు ఊరి ముద్రది, పేద్ద లాబ్‌స్టర్ బొమ్మ. దాన్ని గోరంత చేశాను. ఆ ఖాళీలో నా ఫ్రెంచి రెండు వాక్యాలూ సుఖంగా కూచున్నాయి. అచ్చుతీసి, పంచేవాళ్ల చేతికిచ్చి పంపేశాను.

గార్నెట్ తిరిగొచ్చి కార్డు చూశాడు. "ఊరి ముద్రని బొద్దింకని చేశావు," అన్నాడు. మిగతాది నాతో కాదు, మా ఆయనతో ఫోన్లో చెప్పుకున్నాడు.

రాత్రి భోజనం దగ్గర క్లిఫర్డ్ అన్నాడు, "పొద్దున్నే వెళ్లి గార్నెట్‌కి సారీ చెప్పు. ఒక బొమ్మ కోసం నా పరువు తీస్తావా?"

నేను అతని పళ్లెం తీస్తూ, "చెప్పను. తప్పు నాది కాదు. రేపు మళ్లీ కాగితం పడేస్తే, ఇది పని అని ఒప్పుకుంటేనే చేస్తాను," అన్నాను. ఫ్రెంచిలో అన్నాను. ఈ ఇంట్లో అతనితో ఎప్పుడూ ఆ భాషలో మాట్లాడలేదు.

"ఏమన్నావు?"

మా వాళ్ల పెళ్లిళ్లలో, అమ్మ మంచం పక్కన, అతని మాట వాళ్లకీ వాళ్ల మాట అతనికీ ముళ్లు తీసి అందించినదాన్ని. అలవాటుగా నా నోటివైపు చూస్తూ కూచున్నాడు, ఇంగ్లీషు వస్తుందని.

"నేర్చుకో," అన్నాను, అదీ ఫ్రెంచిలోనే.