ఉప్పు పట్టించిన కథ

ఆదివారం వచ్చిందంటే సాలూరులో లారీ షెడ్ల వెనక వీధివాళ్లు పెందలాడే వంటలు ముగించి కిటికీలు బిగించుకునేవారు. లారీ ఆఫీసు గుమస్తా త్రినాథ్ ఇంట్లో ఆ పూట యుద్ధం. శనిగ్రహం చందమామలు గీసిన అట్ట నేలమీద పరిచి, రేకు బిళ్లల సైనికుల్ని నిలబెట్టి, అతనూ స్నేహితుడు నాగబాబూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఏడాదిగా ఒకటే ఆట, ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలు. బిళ్ల పడినప్పుడల్లా అలమరలోని ఆ ఆట కథల పుస్తకం నుంచి శవం కుళ్లిన కంపు వచ్చేది.

అది అంత తేలిగ్గా దొరికే పుస్తకం కాదు. ఎప్పుడో కోటబొమ్మాళి స్టేషన్లో పనిచేసినవాళ్లు, రైళ్లు లేని వేళల్లో ఈ ఆట కనిపెట్టి, ఒక్కో బిళ్లకు పేరూ ఊరూ పెట్టి, దానికో అంతరిక్ష కథ రాసి అచ్చు వేసుకున్నారు. త్రినాథ్ తండ్రి వాళ్లలో ఒకడు కనుక ఆటసామాను ఇంట్లోనే ఉంది. పుస్తకం కోసం మాత్రం త్రినాథ్ పాతకాగితాల కొట్లన్నీ గాలించి, చివరికి రామతీర్థంలో శనగల బండివాడు పొట్లాలకు చింపబోతుండగా పట్టాడు. అట్టమీంచి పడిన బిళ్ల ఎత్తేస్తే చాలు, పుస్తకంలో ఆ సైనికుడి కథ మెత్తబడి చీము కారేది, ఈగలు ముసిరేవి. యుద్ధం పుస్తకం మరి, మల్లెపూల వాసనొస్తుందా అనుకుని వీధివాళ్లు ఊరుకున్నారు. కంపు తెలియనిది ఆడే ఇద్దరికే.

త్రినాథ్ భార్య యమున ఆ పూట కొంగు ముక్కుకు అదిమి పట్టుకునేది. భావనపాడు సముద్రం ఒడ్డున పుట్టింది, చేపల వాసన ఆమెకు కొత్త కాదు. ఇది అది కాదు. పైగా మొగుడు ఆ చేతులతోనే అన్నం కలుపుకుంటూ ఇవాళ ఎవరెవరు పడ్డారో చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు కంపుకన్నా ఎక్కువ రోత పుట్టేది.

"ఇంక నావల్ల కాదు బావా. ఈ ఆదివారం ఆడినావంటే మా అమ్మకాడికి ఎల్లిపోతాను. మళ్లీ రాను."

"ఏటే నీ గోల? ఇంకొక్క బిళ్ల. వంతెన కాడ పోతురాజుని బలెట్టేస్తే ఆట మనదే."

"పోతురాజు మనోడే కదా?"

"మనోడే. అయితే ఏటి?"

పోతురాజు కథ ఒక్కటే చెడకుండా మిగిలింది. యమున అది తీసి చదివింది. ఎక్కడో చందమామ మీద వంతెన కాపలాకు పెట్టిన వంటవాడు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా పక్కవాళ్లకు గంజి కాస్తున్నాడు. చదివాక ఆమెకు కాలు నిలవలేదు. పుట్టింట్లో వలలోంచి చేప రాగానే, ఎండెక్కకముందే చీరి ఉప్పు పట్టించేవారు. ఇక కుళ్లు దాని జోలికి రాదు. ఆమె పుస్తకం కుట్టు విప్పి, ఆ కథ కాగితాలు తీసి, ఒక్కోదానికీ కల్లుప్పు రుద్ది డాబా మీద చేపల పక్కన ఆరేసింది. అలాంటి పుస్తకం మరొకటి దొరకదని తెలిసే చేసింది.

ఆదివారం ఆమె సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. త్రినాథ్ పోతురాజు బిళ్ల ఎత్తబోయాడు. అది లేవలేదు. గోరుతో గీకాడు, చాకు మొన దూర్చాడు, నాగబాబు కూడా ఒక చెయ్యి వేశాడు. బిళ్ల కదల్లేదు. ఏం పాడైందో చూద్దామని త్రినాథ్ అలమరలోని పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. గెలుపు చేజారాక గానీ అతని ముక్కు పనిచేయలేదు. అట్టమీదే భళ్లున కక్కుకున్నాడు. నాగబాబు చొక్కా ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

యమున చెంబుతో నీళ్లిచ్చింది. వీపు నిమరలేదు.

"పుక్కిలించు," అంది.

అతను పుక్కిలించాడు. చేతులు సబ్బుతో కడిగి వాసన చూసుకుని, మళ్లీ కడిగాడు.

"ఎప్పట్నించి ఇలా కంపు కొడతన్నాది?"

"మొదటి రోజు నుంచీ."

"ఎంతమంది పోయినారు యమునా?"

"నన్నడుగుతావేటి బావా? ఎత్తేసింది నువ్వు కదా."

సాయంత్రం ఊరవతల గొయ్యి తీసి పుస్తకాన్ని అందులో దించారు. మట్టి పొయ్యబోతే యమున ఆపింది. త్రినాథ్ గొయ్యి ముందు కూర్చుని, ముక్కు మూసుకోకుండా, ఒక్కొక్కరి పేరూ ఊరూ పైకి చదివాడు. చివరి పేరు దాకా యమున చేతిలోని సంచి దించలేదు.