నా కుడిచెయ్యి బాగానే ఉంది

పదకొండు నెలలుగా నా చేతిలో రింగు నిలవడం లేదు.

టెన్నికాయిట్‌లో చేయవలసింది చాలా తక్కువ. వల మీదుగా వచ్చే రబ్బరు రింగును ఒంటిచేత్తో పట్టుకోవాలి, అదే చేత్తో అవతలికి విసరాలి. కాలేజీ రోజుల నుంచి ఈ పని నేను ఆలోచించకుండా చేశాను. పోయిన ఏడాది ఒకసారి ఎలా పడుతున్నానా అని ఆలోచించాను, అంతే, పట్టు పోయింది. జగ్గయ్యపేటలో మా ఆయన పనిచేసే స్కూలు గ్రౌండులో సాయంత్రాలు ఎనిమిది మంది ఆడవాళ్లం ఆడుకుంటాం. మిగతా ఏడుగురికీ నా తప్పేమిటో తెలుసు. ఒక్కొక్కరికీ ఒక్కో తప్పు తెలుసు.

మా ఆయన రూబెన్ లెక్కల మాస్టారు. నేను వదిలేసిన ప్రతి రింగునీ ఫోనులో వీడియో తీసి, అన్నం వడ్డిస్తుంటే నెమ్మదిగా తిప్పి చూపిస్తారు.

"చూడు ఫ్లోరా, ఇక్కడ మోచెయ్యి వంగింది."

"పప్పుగిన్నె పట్టుకున్నానండీ. ఇప్పుడు వంగితే మీ మీదే పడుద్ది."

జట్టును చూసుకునే దేవమణక్క వీడియోల దాకా పోలేదు. "నందిగామ పోటీ దాకా చూస్తా ఫ్లోరెన్సూ. అప్పటికీ ఇట్టాగే ఉంటే జాయిస్ పక్కన సుస్మితని దింపుతా. ఏమనుకోమాక" అంది. సుస్మితకు ఇరవై రెండేళ్లు. జాయిస్, నేను తొమ్మిదేళ్లుగా జోడీ. ఏమీ అనుకోనని చెప్పి ఇంటికొచ్చి, రెండు రోజులు అదే పనిగా అనుకున్నాను.

అది చూడలేక మా ఆయన చర్చిలో స్త్రీల కూడికకు ప్రార్థన మనవి పంపారు. 'ఫ్లోరెన్స్ కుడిచెయ్యి పట్టు తప్పింది. స్వస్థత కొరకు.' ఆట సంగతి రాయలేదు. చీటీలో చోటు చాలలేదట.

మర్నాడు పొద్దున్నే మా వీధి చివరి ఆరోగ్యమ్మత్తయ్య బత్తాయిలతో వచ్చింది. వెనక మరో నలుగురు.

"ఎప్పుడు పడిపోయిందే చెయ్యి?"

"పడిపోలేదత్తయ్యా, బాగానే ఉంది. ఆటలోనే కాస్త..."

"మా ఆయన కూడా మొదట్లో బాగానే ఉందన్నాడు."

కాఫీ పళ్లెం ఎత్తబోయాను. అయిదుగురూ ఒక్కసారే లేచారు. పళ్లెం దక్కింది గానీ కాఫీ దక్కలేదు.

ఆ సాయంత్రం నుంచి అత్తయ్య గ్రౌండులో కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను చెయ్యెత్తితే చాలు, "ఆ చేత్తో వద్దే తల్లీ!" అని కేక. మూడు రోజులు వివరించాను. నాలుగో రోజు ఒళ్లు మండి, రింగును ఎడమచేత్తో విసిరాను. అది సైకిల్ స్టాండులో పడింది. తర్వాతది అత్తయ్య ఒళ్లో పడింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి నాకే విసిరింది, నాకంటే బాగా.

జాయిస్ నేలమీద కూలబడి నవ్వింది. నాకూ కడుపు నొప్పి పుట్టింది. ఆ గ్రౌండులో నేను నవ్వి ఏడాది కావస్తోందని అప్పుడు తట్టింది. నా ఎడమచేతికి సలహా ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. మా ఆయన కూడా ఫోను జేబులో పెట్టేశారు. వారం రోజులు అలాగే ఆడాను, ఎన్ని పోయాయో పట్టించుకోకుండా.

పోటీకి మా ఆయనా, అత్తయ్యా కూడా బయల్దేరారు. నందిగామ బస్సు చిల్లకల్లు దాటాక జాయిస్ అడిగింది. "ఇంతకీ ఏ చేత్తో ఆడతావే?"

"ఏది ముందొస్తే దాంతో."

"దేవుడా!" అని తను కిటికీలోంచి బయటికి చూసింది.

మొదటి మ్యాచ్ గెలిచాం. రెండోది చివరి గేమ్‌కు వచ్చింది, పంతొమ్మిది-పంతొమ్మిది. అవతలి అమ్మాయి రింగును నా కుడిపక్కకు నేల తగిలేంత కిందికి విసిరింది. అందదనుకునే లోపు అది నా కుడిచేతిలో ఉంది. వాళ్లిద్దరి మధ్య ఖాళీలోకి వదిలాను. పాయింటు! "స్తోత్రం!" అని అత్తయ్య అరిచిన అరుపుకు అంపైర్ ఉలిక్కిపడ్డాడు.

తర్వాతి మూడు పాయింట్లూ వాళ్లే తీసుకున్నారు. ఓడిపోయాం. నాకు మాత్రం ఇంకో గేమ్ ఉంటే బాగుండుననిపించింది.

"ఎక్కడ తప్పిందో చూపిస్తారా?" అని మా ఆయన్ను అడిగాను.

"తియ్యడం మర్చిపోయా" అన్నారు, కాస్త సిగ్గుగా.

దేవమణక్క నీళ్ల సీసా అందిస్తూ నసిగింది. "మరి సుస్మితకి ఏం చెప్పమంటావే?"

"రేపు సాయంత్రం వల అవతల నిలబడమనక్కా" అన్నాను. "ఎడమచేత్తోనే మొదలుపెడతా, పాపం చిన్నపిల్ల."